పుట్టి చెవిముక్క

సీసాలు కడగడం

కణాల పెంపకం అంటే తెల్లకోటు వేసుకుని మైక్రోస్కోపులోకి చూస్తూ కూర్చోవడం అనుకుని వస్తారు పిల్లలు. నన్నడిగితే ముందు వాళ్ళ చేతికి బ్రష్షు ఇవ్వాలి. తొంభైల మొదట్లో మదనపల్లెలో పశువ్యాధుల ల్యాబులో చేరినప్పుడు నేను నేర్చుకున్నది సీసాలు కడగడమే. జువాలజీలో ఎమ్మెస్సీ చదివి వచ్చానన్న పొగరు ఆ నీళ్ళతొట్టి దగ్గరే కరిగిపోయింది. సబ్బు జిడ్డు వేలిముద్రంత మిగిలినా కణాలు గాజుకు అతుక్కోవు. అతుక్కోనిది బతకదు. ఎంత కడిగినా ఇంకొకసారి కడిగితే బాగుండునేమో అన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు. ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి నా పోరు పడలేక మానేసింది.

పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. జంతువు ఒంట్లోంచి చిన్న ముక్క తీసి, దాన్ని సన్నగా తరిగి, చదునైన సీసాలో పోషక ద్రవం పోసి అందులో ఉంచుతాం. ఒంటి వేడి ఎంతో అంతే వేడి ఉండే పెట్టెలో, అంటే ఇంక్యుబేటరులో, ఆ సీసాను పడుకోబెడతాం. కణాలు అడుగున అతుక్కుని పాకుతాయి, చీలుతాయి, అడుగంతా పరుచుకుంటాయి. అప్పుడు వాటిని లేపి కొత్త సీసాల్లోకి పంచాలి. పంచకపోతే ఇరుకై చస్తాయి. ద్రవం పాతబడితే చస్తాయి, వేడి తగ్గితే చస్తాయి, పెరిగితే ఇంకా తొందరగా చస్తాయి. గాలికుంటు లాంటి జబ్బుల వైరస్ ప్రాణమున్న కణాల్లో తప్ప పెరగదు. ఊళ్ళో పశువులకు వచ్చిన జబ్బు ఏ రకమో తేల్చాలంటే మా దగ్గర ఎప్పుడూ బతికున్న కణాలు ఉండి తీరాలి.

పాడి ఉన్న ఇంటికి తాళం పడదంటారు. మాదీ అదే బతుకు. పండగ లేదు, ఆదివారం లేదు. మా పుట్టింటివాళ్ళు వాయల్పాడులో ఉంటారు. మదనపల్లె నుంచి బస్సెక్కితే ఎంతో దూరం లేదు. అయినా పెళ్ళిళ్ళకు నేను తాళి కట్టే వేళకు పోయి, విస్తళ్ళు వేసేలోపు తిరిగి వచ్చేదాన్ని. మా ఆయన నవ్వుతూనే అనేవాడు, "నీకు ముందు సీసాలతో పెళ్ళయింది, తర్వాత నాతో" అని. ఆ నవ్వు కొన్నేళ్ళకు తగ్గింది.

ఇన్నేళ్ళు పోషించి చివరికి ఏం మిగిల్చావని అడిగితే, ఏమీ లేదు. మేస్త్రీకి గోడ మిగులుతుంది, టీచరుకు పిల్లలు మిగులుతారు. మా పనిలో అయిపోయిన ప్రతి సీసాలో బ్లీచింగు నీళ్ళు పోసి తొట్టిలో ఒంపుతాం. నేను రిటైరైన రోజు కూడా అదే చేసి ఇంటికి వచ్చాను. ఇది ముందే తెలుసుకుని రండి.

ఆయుధపూజ

మాకు పెద్దసారు శ్యామరావుగారు. మైసూరు వైపు మనిషి. ఇంట్లో కన్నడం. ముప్ఫై దాటాక ఉద్యోగం కోసం తెలుగు నేర్చుకున్నాడు. పుస్తకం పెట్టుకుని నేర్చుకున్న తెలుగు కాబట్టి మాకంటే శుద్ధంగా మాట్లాడేవాడు. ఎవరినీ గట్టిగా అనేవాడు కాదు. ఎవరి మాటనూ కాదనేవాడు కాదు. చెడ్డ బాసు కింద పని చేస్తే మనం ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాం. మంచి బాసు కింద అన్నీ వాటంతటవే సర్దుకుంటాయనుకుంటాం. రెండోదే ప్రమాదం అని నా అనుభవం.

ఆయన కాదనలేకపోయిన వాటిలో ఆయుధపూజ ఒకటి. మా అటెండరు కేశవులు బి.కొత్తకోటలో కిరాణా అంగడి పెట్టిన కుటుంబంలోనివాడు. త్రాసుకు, గల్లాపెట్టెకు బొట్టు పెట్టకుండా ఆ ఇంట్లో దసరా వెళ్ళదు. ఒక ఏడు అతను కణాల గదిలోకే పళ్ళెం తెచ్చాడు. ఇంక్యుబేటరుకు విభూది, కుంకుమ. మైక్రోస్కోపు మెడలో చామంతి దండ. ఊదుబత్తి పొగ, కొబ్బరికాయ నీళ్ళు నేలమీద. నేను గుమ్మం దగ్గర నిలబడి "వద్దు కేశవులూ, ఈడొద్దు" అంటున్నాను. సారు నా వైపు చూసి మెల్లగా అన్నాడు: "పోనివ్వండి సుభద్రగారూ. ఏడాదికి ఒక దినం."

వారం తిరగకుండా సీసాలన్నిటిలో బూజు పట్టింది. గులాబీరంగు ద్రవంలో తెల్లటి దూదిపింజలు తేలుతున్నాయి. దండలోని చామంతుల మీదో, కొబ్బరిపీచు మీదో వచ్చి ఉంటుంది. నెలల పని ఆ ఒక్క హారతితో పోయింది. కేశవులు ఏడ్చినంత పని చేశాడు. మరుసటి ఏడు నుంచి పూజ వరండాలో, తలుపుకు మాత్రమే. మూసిన తలుపు ముందు కాయ కొడుతుంటే ఎవరైనా పోయారేమో అనిపించేది నాకు.

ఇది నవ్వుకోవడానికి చెప్పలేదు. ల్యాబును పాడుచేసేవి తెలివితక్కువ పనులే కావు. ఇంట్లో చేస్తే మెచ్చుకునే పనులు కూడా పాడుచేస్తాయి. మడి కట్టుకున్న మనిషి చేతికి కూడా సూక్ష్మజీవులు ఉంటాయి. ఈ సంగతి మనవాళ్ళకు ఎక్కించడం వైరస్‌ను పెంచడంకంటే కష్టం.

రెడ్డెప్ప ఆవు

పరదేశంలో ఒక గొర్రె కణంలోంచి గొర్రెపిల్లను పుట్టించారని పేపర్లలో వచ్చిన రోజులవి. మా సారుకు ఆ వార్త పిచ్చిలా పట్టుకుంది. పుంగనూరు చుట్టుపక్కల పొట్టి ఆవుల జాతి ఉంది కదా, మనిషి నడుమెత్తు కూడా రానివి. పాల కోసం అందరూ జెర్సీ సంకరానికి పోయాక, ఆ వైపు పల్లెల్లో కల్తీలేని పొట్టి ఆవు కనిపించడం కష్టమైపోయింది. వాటి చర్మకణాలు తీసి, పెంచి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచిపెడితే ఎప్పుడో ఒకనాడు వాటినుంచి దూడ రావచ్చునన్నది ఆయన ఆశ. అలా దాచిన కణాలు చావవు, పెరగవు, కాలం వాటిని తాకదు. ఎంతకాలమైనా తర్వాత తీసి వేడి చేస్తే మళ్ళీ పాకుతాయి. అంతవరకూ నిజమే. దూడ మాట మాత్రం మా ల్యాబుకు ఆకాశమంత దూరం. అది ఆయనకూ తెలుసు. కానీ ఆశపడే మనిషికి తెలిసినది అడ్డం రాదు.

పుంగనూరు అవతల ఒక పల్లెలో చిన్నరెడ్డెప్ప అనే రైతు ఇంట్లో అటువంటి ఆవు ఉందని తెలిసి పోయాం. మెట్టచేను, బోరు కింద కొంచెం టమాట. ఆవు పేరు పుట్టి. కన్నడంలో పుట్టి అంటే చిన్నపిల్ల అని సారు మురిసిపోయాడు. రెడ్డెప్ప భార్య లక్షుమ్మ చెప్పింది, ఆ పేరు వాళ్ళ అత్తగారు పెట్టిందని. అత్తగారు కాపురానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న ఆవు సంతు అది. తల్లి పోతే కూతురు, కూతురు పోతే మనవరాలు, ఎప్పుడూ ఇంట్లో ఒక పుట్టి ఉండాల్సిందే. ఈ పుట్టికి వయసైపోయింది. దగ్గర్లో ఆ జాతి కోడె దొరకక జెర్సీ సూదులు వేయించారు. పుట్టినవన్నీ పొడుగు కాళ్ళ దూడలే. అమ్మేశారు.

చెవిలో చిన్న ముక్క తీస్తామంటే లక్షుమ్మ ఒప్పుకోలేదు.

"చెవి కోసేదేంది సామీ? దొంగసొత్తా అది, గురుతు పెట్టేదానికి?"

సారు కొట్టంలో పేడ మీదే గొంతుకు కూర్చున్నాడు. "అమ్మా, గోరంత ముక్క. నొప్పి లేకుండా సూది వేస్తాను. ఆ ముక్క మా దగ్గర ఉంటే మీ పుట్టి పోదు. ఎప్పటికీ ఉంటుంది."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

ఆ మాట నేను పక్కన ఉండగానే అన్నాడు. మా పనిలో వాడకూడని మాట అది. లక్షుమ్మ చాలాసేపు ఆవు గంగడోలు నిమిరి, చివరకు తనే తల పట్టుకుంది. "కానియ్యప్పా" అంది.

మంచుగడ్డల థర్మాసులో ముక్కను మదనపల్లెకు తెచ్చాం. తరిగి సీసా అడుగున అంటించాను. చాలా రోజులు ఏమీ లేదు. తర్వాత ఒక పొద్దున చూస్తే ముక్క అంచు నుంచి సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ మొనదేలిన కణాలు బయటికి పాకుతున్నాయి. ఇన్నేళ్ళలో నాకు నిజంగా సంతోషం కలిగించిన పొద్దు అదొక్కటేనని చెప్పగలను. తర్వాత టమాటాలు వేసుకుని మార్కెట్ యార్డుకు వచ్చినప్పుడు రెడ్డెప్ప ల్యాబుకు వచ్చి, చెప్పులు బయట విడిచి, మైక్రోస్కోపులో చూశాడు.

"సేపపిల్లల మాదిరి ఉండాయే!" అన్నాడు. ఊరికి పోయి భార్యకు అదే చెప్పాడట.

కణాలను గడ్డకట్టించి చిన్న చిన్న గొట్టాల్లో నింపి నైట్రోజన్ క్యానులో దించాను. ఆ ఎండాకాలమే పుట్టి చనిపోయింది. వయసు. రెడ్డెప్ప వచ్చి చెప్పినప్పుడు సారు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇక్కడుంది కదప్పా" అన్నాడు. లక్షుమ్మ ఊళ్ళో ఎవరడిగినా, "మా పుట్టి మదనపల్లెలో ఉండాది" అని చెబుతోందట.

ఒక్క మాట

క్యానుకు మూత పెట్టి ఉంచినా ద్రవ నైట్రోజన్ ఆవిరై పోతూనే ఉంటుంది. పశువుల ఆసుపత్రుల్లో వీర్యం దాచే క్యానుల కోసం నైట్రోజన్ పంచే బండి ఒకటి మా వైపు తిరిగేది. మదనపల్లె, పుంగనూరు, ఆ కొసన కుప్పం. మాకూ దాంట్లోంచే పోసిపోయేవాళ్ళు. మా రెండో క్యాను బయటంతా చెమటలు పట్టి పాడైపోయింది, బాగుకు పంపాం. కాబట్టి దాచినవన్నీ ఒకే క్యానులో ఉన్నాయి. ఒకే చోట అన్నీ పెట్టకూడదని తెలియనివాళ్ళు మాలో ఎవరూ లేరు. క్యాను వచ్చేస్తుందిలే అనుకున్నాం, అంతే.

నిమ్మనపల్లెలో మా అక్క కూతురి పెళ్ళి. జీవితంలో మొదటిసారి, నలుగురూ తిట్టాక, వారం సెలవు పెట్టాను. సారు గాలికుంటు టీకాల క్యాంపుకు కుప్పం పోయాడు. ల్యాబులో కేశవులు ఒక్కడే. ఆ తడవ బండి రిపేరు వచ్చి మదనపల్లెకు రాకుండా అడ్డదారిన నేరుగా కుప్పం పోయింది. అక్కడ డ్రైవరు సారును అడిగాడు: మిగిలిన నైట్రోజన్ మదనపల్లెకు తీసుకుపోవాలా, కుప్పం ఆసుపత్రిలో కొరతగా ఉంది, ఇక్కడే పోసెయ్యాలా అని. సారు బాధ్యతగానే టెలిఫోను బూత్‌కు పోయి ల్యాబుకు ఫోను చేశాడు.

తర్వాత ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పింది ఒక్క అక్షరం తేడా లేకుండా కలిసింది.

"కేశవులూ, క్యానులో నైట్రోజన్ ఎట్లుంది?"

"నిండుకునింది సార్."

"సరిగ్గా చూసినావా?"

"నేనే కర్ర పెట్టి చూసినాను సార్. బాగా నిండుకునింది."

"భేష్" అని సారు ఫోను పెట్టేశాడు. నైట్రోజన్ అంతా కుప్పం ఆసుపత్రికి పోయించాడు.

తెలుగిళ్ళలో పుట్టినవాళ్ళకు వివరించనక్కర లేదు. బియ్యం లేవని అనకూడదు, ఉప్పు అయిపోయిందని అనకూడదు, దీపంలో నూనె లేదని అసలే అనకూడదు. నిండుకుంది అనాలి. అంగడివాళ్ళ ఇంట్లో ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. కేశవులు నోట లేదు అన్న మాట నేనెప్పుడూ వినలేదు. సారుకేమో నిండు అంటే నిండుగా ఉండడమే. నిండు కుండ, నిండు చెరువు. ల్యాబులో మేమూ సీసా అడుగంతా కణాలు పరుచుకుంటే "సీసా నిండింది" అనేవాళ్ళం. ఆయన నేర్చుకున్న పుస్తకంలో వంటింటి తెలుగు ఉండి ఉండదు. మేమూ ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే రాలేదు.

కేశవులు ఆ రోజు నుంచి గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు, సారుకు చెప్పాను కదా, బండి వస్తుందని. నేను సెలవు నుంచి వచ్చి క్యాను మూత తీశాను. మూత తీస్తే తెల్లటి పొగ పొంగి చేతుల మీదుగా కిందికి జారాలి. ఏమీ రాలేదు. లోపలి గొట్టాన్ని పైకి లాగితే చేతికి మామూలుగా తగిలింది. మా ఇంటి అల్మరాలో మందు సీసా ఎట్లుంటుందో అట్లుంది. చేతికి మామూలుగా తగిలిందంటే లోపల చచ్చిందని అర్థం. అయినా అన్నిటినీ విప్పి సీసాల్లో వేశాను. రోజూ చూశాను. కణాలు అతుక్కోలేదు. ద్రవంలో పొట్టులాగా తేలాయి.

తప్పెవరిదని పిల్లలు అడుగుతారు. కేశవులు అబద్ధం చెప్పలేదు. సారు అడగకుండా ఉండలేదు. ఇద్దరూ సరిగ్గానే చేశారు, పని మాత్రం నాశనమైంది. మీకు నేను చెప్పగలిగింది ఒకటే. నైట్రోజన్ ఎంతుందో మాటల్లో అడగవద్దు, మాటల్లో చెప్పవద్దు. క్యానులో ముంచి తీసిన కర్రమీద మంచు ఎన్ని అంగుళాలు పట్టిందో అంకె అడగండి. అంకెకు మర్యాద లేదు, శకునం లేదు.

చూపించడం

సారు విని కుర్చీలో కూర్చుండిపోయాడు. కేశవులును ఒక్క మాట అనలేదు. "నిండు అంటే లేదు అని కూడానా?" అని నన్నడిగాడు. చిన్నపిల్లవాడి మొహంలా ఉంది ఆయన మొహం. నాకు జాలి వేసింది, ఒళ్ళు మండింది కూడా. రెండూ ఒకేసారి.

రెడ్డెప్పకు చెబుదామన్నాను. "వద్దమ్మా. వాళ్ళ మనసు విరుస్తాం" అన్నాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నెల తిరగకుండా రెడ్డెప్ప టమాట లారీలో వచ్చాడు. ఎప్పటిలా చెప్పులు విడిచాడు. "ఒకతూరి సూసిపోతాను సార్" అన్నాడు. గడ్డకట్టించినవాటిని బయటికి తీయకూడదని ఒక మాట అంటే సరిపోయేది. సారు అది కూడా అనలేకపోయాడు. ఇంక్యుబేటరులోంచి వేరే సీసా తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. వైరస్ పనికి మేము రోజూ వాడే కణాలు అవి. కోతి మూత్రపిండం నుంచి వచ్చినవి.

రెడ్డెప్ప వంగి చూశాడు. "పోయినతూరి పొడుగ్గా ఉన్న్యాయే సార్, సేపపిల్లల మాదిరి? ఇవి గుండ్రంగా ఉండాయి."

"పెరిగినాయి కదప్పా" అన్నాడు సారు, గోడ వైపు చూస్తూ.

రెడ్డెప్ప మొహం విప్పారింది. "ఒళ్ళు చేసిందిలే" అని మైక్రోస్కోపుకు రెండు చేతులూ జోడించాడు. నేను అక్కడ నిలబడలేకపోయాను.

గేటు దాటి పోతున్న మనిషిని వెనకనుంచి పిలిచి మోరీ గట్టు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. బండి, ఫోను, పొగ రాని క్యాను, అన్నీ. అతను తలగుడ్డ విప్పి మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. చివరకు అడిగాడు:

"అయితే ఇప్పుడు నేను దండం పెట్టుకునింది దేనికమ్మా?"

"కోతి కణాలకప్పా."

"కోతికా?"

"కోతికే."

రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. పుంగనూరు బస్సు ఒకటి వచ్చి పోయింది. లేవలేదు. "ఆంజనేయసామికి పెట్టుకున్న్యాననుకుంటాలే" అన్నాడు తర్వాత. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

నిజం చెప్పినందుకు నా మనసు శాంతించిందని రాయాలని ఉంది. శాంతించలేదు. నా బరువు అతని నెత్తిన పెట్టి నేను లోపలికి పోయి సీసాల్లో ద్రవం మార్చాను, అంతే జరిగింది.

లక్షుమ్మ

వానలు పడ్డాక రెడ్డెప్ప మళ్ళీ వచ్చాడు. ఈసారి భార్యను తీసుకొచ్చాడు. ఆమె చిక్కిపోయింది. వరండా బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టి, నన్ను వేపచెట్టు పక్కకు పిలిచాడు.

"కడుపులో గడ్డంటమ్మా. వేలూరులో సూపిచ్చినాము. ఇంగ తిప్పొద్దన్న్యారు. ఒకతూరి పుట్టిని సూసొస్తానని పోరు పెడతాండాది. సూపియ్యమ్మా. సారు నాకు సూపించినట్టే."

"రెడ్డెప్పా, అది నా చేత కాదు. అబద్ధమని తెలిసీ…"

"నాకు చెప్తివి, సరే. నేను నిన్నేమన్నా అంటినా?" గొంతు తగ్గించాడు. "ఆమెకు కూడా చెప్పి నువ్వు మీ ఇంటికి పోతావు. నేను ఆమెతో ఆ ఇంట్లో ఉండాల కదమ్మా, ఉన్నన్నాళ్ళు."

ఆ రోజు సారు ల్యాబులో లేడు. ఉంటే ఆయన మీద తోసేసి ఉండేదాన్నేమో. లోపలికి పోయి ఇంక్యుబేటరు తలుపు తీశాను. ఆ వేళకు మా దగ్గర ఆవు కణం ఒక్కటి కూడా లేదు. కోతి కణాల సీసానే మైక్రోస్కోపు కింద పెట్టి, లక్షుమ్మ చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాను.

ఆమె అటూ ఇటూ కన్ను మార్చి చూసింది. నేను అద్దం తిప్పాను, వెలుతురు పెంచాను. ఆమె తల ఎత్తింది.

"కండ్లకు పొరలు కమ్మినాయి గదమ్మా. వెలుతురు తప్ప ఏమీ కనబడలే. చేతికియ్యి, ఒకతూరి పట్టుకుంటాను."

సీసాను ఎవరి చేతికీ ఇవ్వం. ఇచ్చాను. ఆమె రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. పెట్టెలోంచి తీసి ఎంతోసేపు కాలేదు, ఇంకా వేడి తగ్గలేదు. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యో, వెచ్చగా ఉండాది. సూడు. ఒంటి వేడి."

రెడ్డెప్ప కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె సీసాను చెంపకు ఆనించుకుంది. కొంగులో చుట్టి కడుపు దగ్గర పెట్టుకుంది. లోపలి ద్రవం అటూ ఇటూ కదులుతుంటే దాన్ని ఊరుకోబెడుతున్నట్టు మెల్లగా తట్టింది. నా కండ్ల నీళ్ళు కనబడకుండా నేను సింకు దగ్గరికి పోయి, కడిగిన సీసానే మళ్ళీ కడిగాను. ఎంతసేపని చూడలేదు. ఆమె పిలిస్తే వచ్చాను.

కొంగులోంచి తీసి సీసాను నా చేతిలో పెట్టింది. పెట్టి నా వేళ్ళను దాని చుట్టూ మూసింది.

"సల్లబడతాండాదమ్మా. బిరీన లోపల పెట్టు."